చాటింపు వేశాక

ఆ మంగళవారం పొద్దున కూడా దేవీనా అద్దం ముందు నిలబడి పాఠం చెప్పుకుంటోంది. ఎదురుగా పిల్లలెవరూ లేరు. అయినా "వెనుక బల్లవారు మాట్లాడరాదు" అని అద్దాన్ని గట్టిగా మందలించింది. వంటింట్లో దోసె తిరగేస్తున్న లోకేశ్వరి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

దేవీనా మారిషస్ పిల్ల. అక్కడి బడుల్లో తెలుగు చెప్పే టీచరు కావాలని చదువుతోంది. ఆ చదువు చివర్లో కొన్ని నెలలు తెలుగునేల మీద ఏదైనా బడిలో పాఠాలు చెప్పి చూపించాలట. కార్వేటినగరంలో ఒక ట్రస్టు బడి ఆమెను తీసుకుంది. ఉండటానికి ఇల్లు వెతుకుతుంటే, పక్కనే ఉన్న చింతమాకులపల్లె నుంచి ఢిల్లీబాబు, మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉండాదని మాట ఇచ్చి వచ్చాడు.

ఖాళీగా ఉన్నది కొడుకు గది. గిరిప్రసాద్ పోయి మూడేళ్ళు. ఆ మంచం మీద ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్ల పడుకోవడమా అని లోకేశ్వరి మొగుడితో మాటలు మానేసింది. తీరా వచ్చిన పిల్లను చూస్తే చామనచాయ, నుదుట బొట్టు, కాళ్ళకు పట్టీలు. ముత్తాతల కాలంలో ఓడెక్కి చెరుకు తోటల్లో కూలికి పోయిన వాళ్ళ వంశమట. వాళ్ళది విశాఖపట్నం వైపని పిల్ల చెప్పబోయినా లోకేశ్వరి చెవిన వేసుకోలేదు. యాడోళ్ళయితే ఏమి, మనోళ్ళే కదా అని అప్పటికప్పుడు తీర్మానం చేసేసింది.

రోజూ పొద్దున ఢిల్లీబాబు కేంద్రంలో పాలు పోసి వచ్చి, దేవీనాను బండి మీద బడి దగ్గర దింపేవాడు. ఆమె తెలుగు అచ్చంగా పాఠ్యపుస్తకమే. "నేను పాఠశాలకు వెళ్ళి వస్తానండీ" అంటే ఎదురింటివాళ్ళు పని ఆపుకుని మరీ గుమ్మంలోకి వచ్చి వినేవాళ్ళు. ఐదో తరగతి పిల్లలు జాలిపడి ఆమెకు తమ మాట నేర్పడం మొదలుపెట్టారు. ఎవరికి ఎవరు టీచరో హెడ్మాస్టరుకే అంతుబట్టలేదు. ఒంటిపూట బడి వదిలాక ఇంటికి వచ్చి, ఆ రోజు ఏ పిల్లాడు ఏం తుంటరిపని చేశాడో ఆమె చెప్పాలి, లోకేశ్వరి ఆమెకు జడ వెయ్యాలి. రాగిసంగటిని నమలకుండా మింగడం నేర్చుకోవడానికి పిల్లకు నెల పట్టింది. గిరి పోయాక ఆ ఇంట్లో గట్టిగా నవ్వు వినబడింది మళ్ళీ అప్పుడే.

కిందటి వారం ఊళ్ళో గంగజాతరకు చాటింపు వేశారు. చాటింపు పడ్డాక, అమ్మవారిని సాగనంపేదాకా ఊరివాళ్ళెవరూ పొలిమేర అవతల నిద్ర చేయకూడదు. పగలు ఎక్కడికి పోయినా దీపాలవేళకు ఇల్లు చేరాలి. చుట్టాలు, బయటివాళ్ళు ఉంటే చాటింపుకు ముందే వెళ్ళిపోవాలి. తప్పెట కొట్టుకుంటూ వచ్చిన మునస్వామి అన్ని గడపల దగ్గర అడిగినట్టే ఈ గడప దగ్గరా ఆగి, పిల్లవంక చూస్తూ, బయటోళ్ళుంటే ఇప్పుడే పంపేయండమ్మా అన్నాడు.

లోకేశ్వరి దేవీనా భుజం మీద చెయ్యి వేసింది. "మా ఇంట్లో బయటోళ్ళు ఎవురూ లేరు మునస్వామీ."

దేవీనా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రాత్రి అన్నం తింటూ ఆ మాట రెండుసార్లు తలుచుకుంది కూడా.

ఇక ఆ మంగళవారం సంగతి. దేవీనా బడికి వెళ్ళిన కాసేపటికి లోకేశ్వరి ఫోను మోగింది. అవతల దేవీనా తల్లి కోమలి. ఆదివారం ఆదివారం దేవీనా ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ ఇద్దరు తల్లులూ తెలిసీ తెలియని తెలుగులో పలకరించుకునేవాళ్ళు. ఈసారి కోమలి గొంతు గొంతులా లేదు. పిల్ల తండ్రికి గుండెపోటు వచ్చిందట. డాక్టర్లు ఆశ పెట్టుకోవద్దన్నారట. మొదట పిల్ల చదువు చెడుతుందని చెప్పొద్దన్న మనిషే ఇప్పుడు కళ్ళు తెరిచినప్పుడల్లా దేవీనా ఏదని అడుగుతున్నాడట. అంత దూరంలో ఒంటరిగా ఉన్న పిల్లకు ఫోన్లో ఎలా చెప్పనక్కా, నువ్వు పక్కన కూర్చుని చెప్పి రేపటి విమానం ఎక్కించు, నీకు పుణ్యముంటుంది అని ఏడ్చింది. దారిలో ఉన్న పిల్లను కంగారుపెట్టకూడదు కాబట్టి, తామెవరూ ఆమెకు ఫోన్ చెయ్యబోమని కూడా చెప్పింది.

పంపిస్తానమ్మా అంది లోకేశ్వరి. అన్నప్పుడు నిజంగానే అంది.

ఫోన్ పెట్టేసరికి వీధి చివర తప్పెట మోగుతోంది. మూడేళ్ళ కిందట ఇదే జాతరకు, ఇట్లాగే చాటింపు పడ్డాక, గిరిప్రసాద్ ఉద్యోగం పనిమీద చెన్నై వైపు వెళ్ళాడు. దీపాలవేళకు వస్తానన్నవాడు పని తెమలక స్నేహితుడి గదిలో పడుకున్నాడు. మరునాడు తిరిగి వస్తుంటే నగరి దగ్గర లారీ కొట్టేసింది. కట్టు తప్పినందుకే అమ్మ తీసుకుపోయిందని ఊరు ఊరంతా ఒకటే మాట అంది. కడుపుకోతతో ఉన్న తల్లికి ఆ మాట శిలాశాసనమైపోయింది.

ఢిల్లీబాబు ఇంటికి రాగానే సంగతి చెప్పింది. అతడు వేసుకున్న చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగాడు.

"ఆ యమ్మ నిన్ను నమ్మి చెప్పింది. బడికి పొయ్యి పిల్లను పిల్సుకొని వస్తా."

"గురువారం పొద్దుగూకితే అమ్మను సాగనంపుతారు. ఆ రేత్రికే కారు పెట్టి పంపిద్దాం. రెండు దినాలే గదా."

"ఆ మనిషికి రెండు దినాలు ఉండాయో లేదో ఎవురికి తెలుసే?"

లోకేశ్వరి అతడి మొహంలోకి చూసింది. "గిరి పొయ్యేటప్పుడు గూడా నువ్వే గదా అంటివి, ఏంగాదులే పోనీ అని."

ఆ మాట పడగానే ఢిల్లీబాబు చెప్పులు విప్పేసి అరుగు మీద కూలబడ్డాడు. లోకేశ్వరిది భయం, దాన్ని అర్థం చేసుకోవచ్చు. అతడికి మాత్రం ఏది న్యాయమో స్పష్టంగా తెలుసు, తెలిసీ కూర్చుండిపోయాడు. ఆ రోజు బడి దగ్గరకు పిల్లను తీసుకురావడానికి కూడా అతడే వెళ్ళాడు, అయినా సంగతి చెప్పలేదు.

బుధవారం వేషాల రోజు. బడికి సెలవు. మీసాలున్న మగవాళ్ళు చీరలు కట్టి, పూలు పెట్టుకుని వీధుల్లో తిరుగుతుంటే దేవీనా పొట్ట పట్టుకుని నవ్వింది. లోకేశ్వరి తన పెళ్ళినాటి పట్టుచీర ఆమెకు కట్టి, పూలు ముడిచింది. పిన్నీసు రెండుసార్లు జారిపోయింది. ఒంట్లో బాగాలేదా అని పిల్ల అడిగితే, ఎండకు తల తిరుగుతా ఉండాదని అబద్ధం చెప్పింది. ఫొటోలు తీయమని దేవీనా ఫోన్ చేతికిచ్చింది. ఆదివారం నాన్నకు చూపిస్తాను, నన్ను ఈ చీరలో చూస్తే ఆయన గుర్తు పట్టరు అంది. లోకేశ్వరి ఫొటోలు తీసింది. మింగలేక, కక్కలేక, ఆ పూట అన్నం ముట్టలేదు. గంగమ్మా, ఈ ఒక్క రోజు ఆ మనిషిని నిలబెట్టు తల్లీ అని మనసులోనే వెయ్యి దండాలు పెట్టుకుంది.

గురువారం పొద్దున లోకేశ్వరి అంబలి కాస్తోంది. పెరట్లో దేవీనా ఫోన్ మోగింది. రెండు మాటలు వినబడ్డాయి. కాసేపటికి పిల్ల వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. ఏడవడం లేదు.

"చిన్నాన్న ఫోన్ చేశారు. తెల్లవారుజామున నాన్న చనిపోయారట." ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది. "నీ విమానం ఎంతవరకు వచ్చింది అని నన్ను అడిగారు. ఏ విమానం, అమ్మా?"

లోకేశ్వరి పొయ్యి ఆర్పడం కూడా మరిచిపోయింది. గోడకు జారగిలబడి, కోమలి ఫోన్ చేసిన సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ఏదీ దాచలేదు. అంబలి అడుగంటి మాడు వాసన ఇల్లంతా కమ్మింది. ఢిల్లీబాబు వాకిట్లోనే తల వంచుకుని నిలబడిపోయాడు.

"నిన్న నేను నవ్వుతున్నాను. ఫొటోలు తీయమన్నాను. అప్పుడు కూడా మీకు తెలుసు."

"తెలుసు."

"మీరు నాకు చెప్పి ఉండవచ్చు కదా. వెళ్ళాలో వద్దో నేను నిర్ణయించుకునేదాన్ని."

"నా కొడుకు పోయినట్ల నువ్వు గూడా పోతావేమో అని భయపడితిని. నిన్ను నా బిడ్డే అనుకొంటిని దేవీనా."

పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. "ఆ రోజు నేను బయటి మనిషినని మీరు మునస్వామికి ఒక్క మాట చెప్పి ఉంటే, ఈ రోజు నేను మా నాన్న పక్కన ఉండేదాన్ని."

లోకేశ్వరి కొడుకు పోయిన రోజున ఏడ్చిన ఏడుపు వేరు, అందులో తన తప్పు లేదు. ఇప్పుడు ఏడవడానికి కూడా మొహం చెల్లక, లేచి వెళ్ళి పిల్ల బట్టలు సర్దడం మొదలుపెట్టింది. దేవీనా వద్దనలేదు, సాయమూ చేయలేదు.

ఢిల్లీబాబు పుత్తూరు నుంచి కారు పిలిపించాడు. రాత్రికి చెన్నైలో విమానం దొరికింది, దారిలో ఒకచోట మారితే శుక్రవారం సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. పిల్ల వచ్చేదాకా ఆగుతామని చిన్నాన్న మళ్ళీ ఫోన్ చేసి చెప్పాడు. సామాను ఎక్కించాక, కట్టుకున్న చీరతోనే లోకేశ్వరి కూడా వెనక సీట్లో కూర్చుంది. వీధిలో ఆడవాళ్ళు గుసగుసలాడారు. ఢిల్లీబాబు, నేను పోతాలే నువ్వు దిగు అంటే తల అడ్డంగా ఊపింది.

పొలిమేర దగ్గర వేపాకు తోరణం కడుతున్న మునస్వామి కారుకు అడ్డం వచ్చాడు. అమ్మను ఇంకా సాగనంపలేదే, రేత్రికి తిరిగి రాలేవు గదా తల్లీ అన్నాడు.

"రాలేను. అమ్మ ఏం జేసుకుంటాదో నన్ను జేసుకోమను."

మునస్వామి పక్కకు తప్పుకున్నాడు. కారు పొలిమేర దాటుతుంటే లోకేశ్వరి కళ్ళు గట్టిగా మూసుకుంది గానీ ఆపమనలేదు. నాకు తోడు వద్దు, మీకు భయం కదా అంది దేవీనా కిటికీలోంచి బయటికి చూస్తూ. భయమే బిడ్డా అంది లోకేశ్వరి. నగరి దగ్గర కొడుకు పడిపోయిన మలుపు వస్తే లోకేశ్వరి తల తిప్పి, అది కనుమరుగయ్యేదాకా చూసింది.

ఇంకొంత దూరం పోయాక కోమలి ఫోన్ చేసింది. తల్లీకూతుళ్ళు తమ మారిషస్ భాషలో కాసేపు ఏడ్చుకున్నారు, ఏడ్చింది తల్లే, కూతురు ఊ కొడుతూ కూర్చుంది. అక్క పక్కనే ఉందని తెలిసి, ఫోన్ స్పీకర్లో పెట్టమని కోమలి తెలుగులోకి మారింది.

"పిల్ల ఎందుకు రాలేదక్కా? ఆయన తలుపువైపే చూస్తూ పోయినారు."

లోకేశ్వరి నోరు తెరిచేలోపే దేవీనా అందుకుంది. "టికెట్ దొరకలేదు అమ్మా. వీరు చాలా ప్రయత్నించారు."

పిల్ల లోకేశ్వరి వైపు చూడనైనా లేదు. ఆ ఒక్క అబద్ధం చాలు, లోకేశ్వరి బతికినంత కాలం ఆ తల్లి దగ్గర మంచిదానిగా మిగిలిపోవచ్చు. ఆమె చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది.

"నీ కూతురు నన్ను కాపాడేదానికి అబద్ధం చెప్తా ఉండాది సెల్లెలా. నువ్వు ఫోన్ జేసినాక నేను ఆ బిడ్డకు చెప్పనే లేదు. మా ఊరి కట్టు దాటితే నా కొడుకు మాదిరే పోతాదని భయపడి దాసిపెట్టినా. తండ్రిని కడసారి సూడకుండా జేసింది నేనే. దాని తప్పేమీ లేదు. మీ ఆయనకు దీపం పెట్టేటప్పుడు చెప్పు, కూతురు రానని అనలేదు, నేను రానీలేదు అని."

తిట్లకు సిద్ధపడింది లోకేశ్వరి. కోమలి గొంతులో కోపం ఉందో లేదో తెలియలేదు.

"ఇప్పుడు దాని పక్కన ఎవరున్నారు?"

"నేనుండానమ్మా."

"విమానం ఎక్కేదాకా వదిలిపెట్టకు."

ఫోన్ ఆగిపోయింది. అంతసేపూ రాయిలా కూర్చున్న పిల్ల అప్పుడు ఒక్కసారిగా కుప్పకూలింది. నాన్నా, నాన్నా అంటూ లోకేశ్వరి ఒళ్ళోనే మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తండ్రిని దూరం చేసిన మనిషి ఒడి అని తెలిసే ఏడ్చింది. అంత పెద్ద దుఃఖం పెట్టుకోవడానికి ఆ కారులో ఆమెకు ఇంకో చోటు లేదు.

ఓదార్చే అర్హత తనకు లేదని లోకేశ్వరికి తెలుసు. అయినా చెయ్యి పిల్ల తలమీద పెట్టి, చెన్నై చేరేదాకా తీయలేదు.