రెండో కీబోర్డు

"జాజి చెప్పేదాంట్లో సగమే నిజం ఉంటుంది. ఏ సగమో తేల్చడం నీ పని," అన్నాడు డైరెక్టర్.

ఎదురుగా నిలబడ్డ ఏజెంటును డిపార్ట్‌మెంట్లో అందరూ తాబేలు అంటారు. నడక తాబేలుదే గానీ పట్టు ఉడుముది.

జాజి డబుల్ ఏజెంట్. విదేశీ ముఠా దగ్గర జీతం తీసుకుంటూ వాళ్ళ రహస్యాలు ఇటు చేరవేస్తుంది. ఇటువి అటు చేరవేయడం లేదని మాత్రం ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. ఆమె పంపిన తాజా కబురు ఇదీ: ఆ మధ్యాహ్నం జలాశయం గేట్లన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. తెరిచేవాడు కంట్రోల్ రూంలోనే ఉన్నాడు. ఎవరో తనకూ తెలియదు.

దిగువన, సరిహద్దుకు దారితీసే వంతెన కడుతున్నారు. నీళ్ళు వదిలితే స్తంభాలతోపాటు పనివాళ్ళూ కొట్టుకుపోతారు. పని ఆపిస్తే ముఠా మనిషి ఇవాళ్టికి ఊరుకుని మరోరోజు చేస్తాడని, మనిషే దొరకాలని డైరెక్టర్ చెప్పాడు.

లోపలికి వెళ్ళడానికి సాకు సిద్ధంగానే ఉంది. తెరమీద అక్షరాలు వాటంతటవే పడుతున్నాయని ఆపరేటర్ ఫిర్యాదు చేసింది. తాబేలు కంప్యూటర్ మెకానిక్ వేషంలో బయలుదేరాడు.

కంట్రోల్ రూంలో ఒక కంప్యూటర్, గోడమీద దాన్నే పెద్దదిగా చూపించే తెర, మూలన ఇంజనీరుగారి అద్దాల క్యాబిన్. కిటికీ దగ్గర సన్నటి హీల్స్‌తో, ఖరీదైన సెంటు వాసనతో ఒకావిడ నిలబడి ఉంది. పంపుల కంపెనీ కన్సల్టెంట్‌నని చెప్పుకుందట.

"తలుపు కిర్రుమంటోంది. కాస్త నూనె ఉందా?" అందామె.

"నూనెతో పోదండీ. మడతబందులే మార్చాలి."

కోడ్ సరిపోయింది. జాజి ఈమే.

అతని స్క్రూడ్రైవర్ పిడిలో రేడియో సంకేతాలను పసిగట్టే పరికరం ఉంది. జాజి హ్యాండ్‌బ్యాగ్ పక్కనుంచి నడిచినప్పుడు పిడి వణికింది. తాబేలు మొహంలో ఏ మార్పూ లేదు.

ఆపరేటర్ లేచి కుర్చీ ఇచ్చింది. "నేను ముట్టుకోకుండానే పడుతున్నాయండీ అక్షరాలు. ఏం జరిగినా నా సీటు మీదికే వస్తుంది. మా తమ్ముడు ఆ వంతెన కిందే పనిచేస్తున్నాడు," అంది గొంతు తగ్గించి.

అది యూనిక్స్ తరహా సిస్టమ్. ఏ కీబోర్డును ఏ డ్రైవర్ ప్రోగ్రాం చూసుకోవాలో, ఏ మీట ఏ అక్షరం కావాలో అంతా ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో ఉంటుంది. డ్రైవర్ ప్రస్తుతం పట్టుకుని ఉన్న పరికరాలేమిటో తాబేలు చూశాడు. కీబోర్డులు రెండున్నాయి. బల్లమీద ఒకటే ఉంది.

వంగి కంప్యూటర్ వెనక చూశాడు. గోరంత వైర్‌లెస్ రిసీవర్. ఎవరో దూరంగా కూర్చుని ఆపరేటర్ పేరుమీద టైప్ చేస్తున్నారు.

దాన్ని పీకేయమని జాజి చెవిలో చెప్పింది. అంతలో ఇంజనీర్ క్యాబిన్‌లోకి పిలిచి, ఆవిడ కంపెనీ ఫోన్ ఎత్తడం లేదని, ఆవిడమీద ఓ కన్నేసి ఉంచమని మర్యాదగా చెప్పాడు. తాబేలు ఇద్దరికీ తలాడించాడు. ఇద్దర్నీ నమ్మలేదు.

రిసీవర్ పీకితే దొంగ జాగ్రత్తపడతాడు. అందుకని ఫైలులో నాలుగు ముక్కలు చేర్చాడు: రెండో కీబోర్డుకు మాత్రం తెలుగు లేఅవుట్, అంటే దాని మీటలు నొక్కితే తెలుగు అక్షరాలే పడతాయి. డ్రైవర్ కొత్త అమరిక అందుకోవాలని డెస్క్‌టాప్‌ను రీస్టార్ట్ చేశాడు. తెర నల్లబడి మళ్ళీ వెలిగింది. ఆపరేటర్ లాగిన్ అయింది. బల్లమీది కీబోర్డుతో కొడితే ఎప్పటిలా ఇంగ్లీషే పడింది.

"అయిపోయింది," అని పైకి అని, అందరి చేతులూ కనబడేచోట నిలబడి సామాను సర్దసాగాడు.

ఉన్నట్టుండి గోడమీది తెరపై అక్షరాలు పడ్డాయి.

దజాల.

గేట్లు తెరవమనే ఇంగ్లీషు ఆజ్ఞ 'ఓపెన్'. అవే మీటలు తెలుగు లేఅవుట్లో నొక్కితే వచ్చే మాట అది. అలాంటి ఆజ్ఞ తనకు తెలియదని కంప్యూటర్ బదులిచ్చింది.

ఆపరేటర్ చేతులు ఒళ్ళో ఉన్నాయి. జాజి వేళ్ళు బ్యాగ్ పట్టీమీద ఉన్నాయి. అద్దాల వెనక, తెరిచిన కాగితాల ఫైలు చాటున ఇంజనీర్ మోచేతులు కదిలాయి. మళ్ళీ దజాల. అతని కనుబొమలు ముడిపడ్డాయి.

తాబేలు బేడీల కోసం సంచిలో చెయ్యి పెట్టేలోపే ఇంజనీర్ బయటికొచ్చాడు.

"లేమ్మా, నేను చూస్తాను."

అలవాటుకొద్దీ ఆమె లేచింది. అతను బల్లమీది కీబోర్డుతో ఆ నాలుగక్షరాలూ కొట్టేశాడు. ఈసారి ఇంగ్లీషులోనే పడ్డాయి. వేలు ఎంటర్ మీదికి దిగుతుండగా జాజి కీబోర్డు తీగను ఒక్క గుంజు గుంజింది.

ఎంటర్ టక్కుమంది. గేట్లు కదలలేదు. మరుక్షణం ఇంజనీర్ చెయ్యి వెనక్కి విరిచి బేడీలు వేశాడు తాబేలు. క్యాబిన్‌లో ఫైలు కింద అరచేతంత కీబోర్డు దొరికింది.

ఆపరేటర్ నేలమీదే కూలబడి తమ్ముడికి ఫోన్ చేసింది. అతను ఎత్తాక ఏం చెప్పాలో తోచలేదు. "తిన్నావా?" అని అడిగి ఏడ్చేసింది.

మెట్లు దిగుతూ, బ్యాగ్‌లో ఏముందని తాబేలు అడిగాడు. ముఠా ఇచ్చిన ఫోన్ ఒకటి, డైరెక్టర్ ఇచ్చింది ఒకటి అంది జాజి.

"ఇప్పుడైనా నమ్మావా నన్ను?"

"ఆలోచిస్తున్నాను."

ఆమె నవ్వి, భుజం తట్టి, కారెక్కి వెళ్ళిపోయింది. తాబేలు జేబులన్నీ తడుముకున్నాడు. అన్నీ ఉన్నాయి. అదే అతనికి మరీ అనుమానంగా తోచింది.