నల్ల తొడుగు

ఉదయం ఎనిమిదింబావుకి రీసెర్చ్ హాస్పిటల్ మెట్ల మీద ఫార్మసిస్టును కాల్చేశారు. సైలెన్సర్ పిస్టల్, ఒకే బుల్లెట్. జేబులో పర్సు, నడుముకి తాళాలు అలాగే ఉన్నాయి.

తొమ్మిదికల్లా ఇంటెలిజెన్స్ చీఫ్ గదిలో బ్రీఫింగ్. ఎదురుగా ఏజెంట్ మౌని. ఎనిమిది నెలల క్రితం భార్య కేన్సర్‌తో పోయాక అతని నోట మాట రావడమే గగనమైంది, ఆ పేరు అలా వచ్చింది.

"ఆ ఫార్మసిస్టు చేతిలో ఉన్నది కొత్త కేన్సర్ మందు, ప్రతి కణంలోనూ సహజంగా ఉండే కోఎంజైమ్ అనే పదార్థమే అది. కేన్సర్ కణాలు చావడం మర్చిపోతాయి, ఇది గుర్తుచేస్తుంది. నీకు చెప్పేదేముంది, తయారుచేసింది మీ ఆవిడే కదా" అన్నాడు చీఫ్. "పదకొండింటికి మొదటి పేషెంటుకి ఎక్కిస్తారు. ఉన్నది ఒక్క సీసా. విదేశీ ముఠా ఒకటి దాన్ని కాజేసి, బదులుగా విషం ఎక్కించాలని చూస్తోంది. పేషెంటు పోతే మన ట్రయల్ ఆగిపోతుంది. మందు వాళ్ల సొంతం."

"పేషెంటు మా మరదలు సార్."

"తెలుసు. అందుకే నిన్ను పంపకూడదు. అందుకే పంపుతున్నాను. చిలక నర్సు వేషంలో మంచం పక్కనే ఉంటుంది. దాడి బేస్‌మెంట్‌లో జరుగుతుందని ఆమె కబురు. మనవాళ్లందరినీ అక్కడే పెట్టాను."

చిలక రెండేళ్లుగా ముఠాలో తిరుగుతున్న మన ఏజెంట్. నవ్విందంటే కాపలావాళ్లు తాళాలు తెచ్చి చేతికిచ్చేంత అందం.

మౌని వార్డ్‌బాయ్ యూనిఫాం తొడుక్కున్నాడు. గుండీలో కెమెరా, తుడుపుకర్ర కాడలో పిస్టల్. కారిడార్ తుడుస్తుంటే వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. తిరిగి చూడలేదు. అది భార్య నడక, ఇంట్లోనూ రోజూ వినిపిస్తుంది. తను పోయిన సంగతి ఆమె కూడా మర్చిపోయినట్టుంది. ఆ చప్పుడంటే అతనికి భయం లేదు. అది ఆగిపోతుందేమోనన్నదే అతని భయం.

పదకొండుకి రెండు నిమిషాలు. కర్ర, బకెట్‌తో మరదలి గదిలోకి వెళ్లి, "స్టూలు విరిగింది" అని కోడ్ చెప్పాడు.

"మేకు లేదు" అని బదులిచ్చింది చిలక.

"అక్క నీచేత ఇల్లు ఇలాగే తుడిపించేది బావా" అంది మరదలు మంచం మీంచి.

పచ్చటి ద్రవం ఉన్న సెలైన్ సంచిని చిలక స్టాండుకి తగిలించి, ట్యూబు మరదలి చేతికి అమర్చింది. "పాపం, గది మరీ చీకటిగా ఉంది" అంటూ కర్టెన్ బర్రున లాగింది. ఎండ నేరుగా సంచి మీద పడింది.

"ముందు తెర!" మౌని చెవి పక్కనే భార్య గొంతు.

వెలుతురు తగిలితే ఆ మందు పాడైపోతుంది. కర్టెన్ వేయందే భార్య సీసా మూత తీసేది కాదు. సంచికి నల్ల తొడుగు తొడగందే గది దాటనిచ్చేది కాదు. ఆ తొడుగులు ఇంట్లో మిషన్ మీద తనే కుట్టేది. వాటి సంగతి తెలిసిన మూడో మనిషి ఫార్మసిస్టు. అతనుంటే ఈ సంచిలో ఉన్నది ఆ మందు కాదని పట్టేసేవాడు. అతన్నెందుకు చంపారో ఇప్పుడర్థమైంది.

చిలక ట్యూబుకున్న క్లాంపు తిప్పి ద్రవం వదిలింది. మౌని ఒక్క అంగలో వెళ్లి ట్యూబు మడిచి పట్టుకున్నాడు. విషం మరదలి చేతికి జానెడు దూరంలో ఆగింది. సూది పీకేశాడు.

చిలక ఏప్రన్‌లోంచి అసలు మందున్న గోధుమరంగు సీసా తీసి పైకెత్తింది. "కదిలావంటే పగలగొడతా."

మరదలు ఉన్న బలమంతా పెట్టి తలగడ విసిరింది. సీసా జారింది. మౌని తుడుపు బకెట్‌ను కాలితో తోశాడు. సీసా సబ్బునీళ్లలో బుడుంగున మునిగింది. చిలక తలుపు చేరేలోపు కర్రలోంచి పిస్టల్ బయటికొచ్చింది.

సీసా సీలు చెక్కుచెదరలేదు. డాక్టర్ మందు సిద్ధం చేస్తుంటే మౌని కర్టెన్ వేసి, జేబులోంచి నల్ల తొడుగు తీశాడు. ఆమె కుట్టినవాటిలో అదే ఆఖరిది, ఎనిమిది నెలలుగా జేబులోనే ఉంది. దాన్ని సంచికి తొడిగేటప్పుడు ఏడుపు ఆపుకోలేకపోయాడు. మరదలు అతని చెయ్యి పట్టుకుంది. తొడుగు కింద మందు చుక్కచుక్కగా దిగసాగింది.

చీఫ్ ఫోన్ చేశాడు. "చిలక ఫైల్లో ఒక్క మచ్చ లేదు. ఎలా పట్టావయ్యా?"

"మా ఆవిడ చెప్పింది సార్."

"రిపోర్టులో ఏం రాయమంటావు?"

"ఇన్‌ఫార్మర్ పేరు బయటపెట్టకూడదని రూలుంది కదా సార్" అన్నాడు మౌని.