సింగపూర్ దారి అడిగే కుర్రాడు

సింగపూర్‌కు ఉత్తరాన, బటాంగ్ బెర్జుంటై అనే ఊరి దగ్గర పామాయిల్ తోటలో, కాలువ మలుపున ఒక సమాధి ఉంది. చీకటి పడ్డాక అక్కడ బండి ఆపకూడదని మావాళ్ళందరికీ తెలుసు. ఆపినవాడికి ఏం జరిగిందో, విన్నది విన్నట్టు చెబుతున్నాను.

అక్కడ ఉన్నది ఆండ్రూ అనే స్కాట్లండ్ సిపాయి. జపాన్ సైన్యం తరుముకొస్తుంటే అతని దళం సింగపూర్ వైపు వెనక్కి నడిచింది. ఇతను తప్పిపోయాడు. అడవిలో నెలల తరబడి తిరిగి, జ్వరంతో ఈ తోటలో పడి చనిపోయాడు. పందొమ్మిదేళ్ళు. మన కూలీలే పూడ్చారు. ఏటా అతని దేశంవాళ్ళు వచ్చి ఎర్రపూల దండ పెట్టి, తల వంచి నిలబడి వెళ్తారు.

మనవాళ్ళు మాత్రం బీరు, సిగరెట్లు పెట్టి లాటరీ నెంబరు అడుగుతారు! దిక్కులేక చచ్చిన పిల్లవాడి దగ్గరా జూదం? సిగ్గుచేటు.

ఆ సాయంత్రం ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్తూ మాధవి భర్త సర్వేశ్‌కు ఫోన్ చేసింది. "పాప ఒళ్ళు కాలిపోతంది. ఒక్కర్తే ఉంది. మందు కొనుక్కుని తిన్నగా ఇంటికెళ్ళు. ఎక్కడా ఆగకు."

"ఆగన్లే."

జ్వరం మందు కొన్నాడు. బీరు కూడా కొన్నాడు.

"ఏటి బావా, దొరకి విందా?" కొట్టు దగ్గర కనబడిన స్నేహితుడు రవిచంద్రన్ నవ్వాడు. "నెంబరొస్తే నాకూ సెప్పు!"

చీకటి పడ్డాక, ఆ కాలువ మలుపులో సర్వేశ్ బండి ఆపాడు. సమాధి ముందు బీరు పోసి, కళ్ళు మూసుకున్నాడు.

"దొరా... ఒక్క నెంబరు..."

జవాబు వెనకనుంచి వచ్చింది. వణుకుతున్న, సన్నని గొంతు —

"సింగపూర్...?"

తిరిగి చూశాడు. మీసం కూడా సరిగ్గా రాని తెల్లకుర్రాడు. బూట్లు లేవు. మోకాళ్ళదాకా బురద. ఇటా, అటా అన్నట్టు చెయ్యి చూపిస్తూ మళ్ళీ —

"సింగపూర్...?"

సర్వేశ్ ఒకడుగు వెనక్కి వేశాడు. వీడు పోతే చాలు... చెయ్యెత్తి ఎటో చూపించాడు.

కుర్రాడు తల ఊపి, ఆ చీకట్లోకి నడిచిపోయాడు.

బండి స్టార్ట్ చేశాక గాని సర్వేశ్‌కు తెలియలేదు — తను చూపించింది తన ఇంటి దారి.

ఎంత వేగంగా నడిపినా దారిలో మనిషి కనిపించలేదు. ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. గడప మీద పాప తివ్య కూర్చుని ఉంది.

"తివ్యా! ఎవరైనా వచ్చినారా?"

"ఓ తెల్లన్న వచ్చినాడు నానా. నీళ్ళిచ్చినాను."

సర్వేశ్ పాప నుదురు తాకాడు. చల్లగా ఉంది... మరీ చల్లగా.

"ఎటెళ్ళినాడమ్మా?"

పాప పెదవి మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా నానా... అన్నకి జొరం. నా మంచం మీద తొంగున్నాడు."

లోపల ఎవరో దగ్గారు.