ముగ్గుపిండితో రాసుకున్న పేరు

సరూర్‌నగర్ చెరువు మీద మంచు ఇంకా విడలేదు. వాకిట్లో ముగ్గేసి, మిగిలిన చిటికెడు పిండితో గడప పక్కన తన పేరు రాసుకుంది యాదలక్ష్మి. మేడమీద కిరాయికుండే గుంటూరు టీచరు సూర్యప్రభ ఆ నెలలోనే నేర్పిన అక్షరాలవి. వంకరగా వచ్చినా ఎంత ముద్దుగా ఉన్నాయో! ఆమె చాలాసేపు అక్కడే కూర్చుంది.

అంతవరకూ ఆమెకు రాయడం వచ్చింది ఒక్క పేరే, అదీ అక్క పేరు. అక్క రాములమ్మ కాన్పులో పోతే, పసిగుడ్డు సుజనను సాకడానికి వచ్చింది యాదలక్ష్మి. ఏడాది తిరక్కుండానే బావ బిక్షమయ్య నలుగురి ముందు పుస్తె కట్టాడు. ఫోటో లేదు, పత్రిక లేదు. రేషన్ కార్డులో రాములమ్మ పేరు అలాగే ఉంటే, మళ్లీ ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారులే అని యాదలక్ష్మి చేత ఆ పేరే సంతకం పెట్టిస్తూ కాలం గడిపేశారు. చూశారా, ఎంత తేలికైపోయిందో! పోయిన మనిషి కాగితాల్లో బతికింది, బతికున్న మనిషి పాతికేళ్లుగా ఎక్కడా లేకుండా పోయింది.

జనవరిలో బిక్షమయ్య అటెండరు ఉద్యోగం నుంచి రిటైరవుతున్నాడు. పెన్షన్ కాగితాల్లో భార్య పేరు రాయాలి.

"నాయినా, ఎల్బీనగర్ల వకీలును అడిగొచ్చిన," అంది సుజన చాయ్ అందిస్తూ. "మీ పెండ్లికి రుజువు లేదు గదా. గుడిల మళ్ల చేసుకొని, గా రశీదు, ఫోటోలు పెట్టి రిజిస్టర్ చేయించుకోమన్నడు. ముందుగాల పెద్దమ్మ పోయినట్టు సర్టిఫికెట్ తియ్యాలె." కన్నతల్లిని సుజన పెద్దమ్మ అనే అంటుంది.

బిక్షమయ్య గ్లాసు కింద పెట్టేశాడు. "యాభై ఎనిమిదేండ్లకు పెండ్లేందే? నలుగురు నవ్వుతరు. రాములమ్మ అనే రాస్త. ఎవరడుగుతరు?"

"నేనడుగుత," అంది యాదలక్ష్మి.

ఏనాడూ గొంతు పెంచని మనిషి! సుజన బిత్తరపోయింది.

"తెలంగాణ కోసమని నలభై రెండు దినాలు సమ్మె చేసినవ్. జీతం రాకున్నా సద్దిగట్టి టెంటు కాడికి పంపిన. మన పేరు మనకు కావాలె అని నువ్వే అంటివి. మరి నా పేరు నాకొద్దా? రేపు నువ్వు లేకుంటే, నేనెవరినని చెప్పుకోవాలె?"

మెట్లు దిగుతున్న సూర్యప్రభ ఆగిపోయింది. "అన్నయ్య గారూ, సాక్షి సంతకం నేను పెడతానండీ. ఆవిడ అడిగిందాంట్లో తప్పేముంది చెప్పండి?"

బిక్షమయ్య భుజం మీది తువ్వాలతో మొహం కప్పుకుని ఏడ్చాడు. "కాగితం మీదన్న ఉన్నది అనుకున్న. సచ్చిపోయిందని నా చేత్తోని ఎట్ల రాసియ్యాలె?"

యాదలక్ష్మి కోపం ఎటుపోయిందో! వచ్చి పక్కన కూలబడింది. "అది నాకు అక్క గాదా? పాతికేండ్లు రేషన్ దుకాణం కాడ లైన్ల నిలబెట్టినం దాన్ని. అలిసిపోయింది పాపం. ఇగ పోనీ."

ఇద్దరూ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

అక్క పోయినట్టు సర్టిఫికెట్ చేతికొచ్చాక, డిసెంబరులో, ఎల్బీనగర్ గుడిలో, సన్నాయి వినిపిస్తుంటే యాదలక్ష్మికి అంతా కలలాగే అనిపించింది. కూతురే తల్లికి బాసికం కట్టింది. ముడి వేయడానికి బిక్షమయ్యకు చాలాసేపు పట్టింది. ఫోటోలో ఇద్దరూ బెదిరిపోయి ఉన్నారు.

మర్నాడు రిజిస్టర్ ఆఫీసులో గుమాస్తా పుస్తకం ముందుకు తోశాడు. యాదలక్ష్మి కలం పట్టుకుంది. చెయ్యి అలవాటు కొద్దీ 'రా' అని రాసి, టక్కున ఆగింది.

"అయ్యో, తప్పయింది సారూ!"

"జర ఆగుండ్రి సార్," అన్నాడు బిక్షమయ్య. ఇన్నేళ్లూ 'ఏమే' తప్ప మరో పిలుపు ఎరగని మనిషి ఆమె వైపు వంగి, మెల్లగా పిలిచాడు. "యాదలక్ష్మీ... రాయి."

ఆమె కళ్లు మసకబారాయి.

"అది కొట్టేసి పక్కన రాయమ్మా," అన్నాడు గుమాస్తా.

కొట్టేయడానికి ఆమెకు చేయి రాలేదు. అక్క అక్షరాన్ని అక్కడే ఉండనిచ్చి, దాని పక్కనే తన పేరు పూర్తిగా రాసుకుంది.