నాలుగో చానెల్ ఆకలి

"డాక్టరమ్మోయ్! మా ఆవిడ పడిపోయిందమ్మా, పరిగెత్తుకు రా!"

చైతన్యరావు కేక చీరాలలో ఆ వీధి చివరనున్న ఇస్త్రీబండి దాకా వినబడింది. నస్రీన్ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. ఆమె మందులిచ్చే డాక్టరు కాదు, యంత్రాలు కట్టే డాక్టరు. ఎన్నిసార్లు చెప్పినా ఆ వీధికి ఎక్కదు. అయినా ఆవేళ పరిగెత్తాల్సింది ఆమే. ఆ ఇంట్లో ఉన్నది ఆమె పెట్టిన యంత్రం మరి!

సముద్రం పొలాల్లోకొచ్చి ఉప్పు మిగిల్చిపోయిన కాలం అది. బియ్యం బంగారమైంది. ఎవరికెంత ఆకలో ముందే తెలిస్తే మెతుకు వృథా కాదు కదా అని నస్రీన్ అన్నం పెట్టె కనిపెట్టింది. మన పొట్ట ఊరికే ఉండదండీ, లోపల సన్నని కరెంటు అలలు లేస్తూ పడుతూ ఉంటాయి. వాటినే అనలాగ్ సిగ్నల్ అంటారు. కంప్యూటరుకేమో అలలు తెలీవు, అంకెలే తెలుసు. అందుకని మధ్యలో అలల్ని అంకెలుగా మార్చే డేటా అక్విజిషన్ బోర్డు. ఇంట్లో ఒక్కొక్కరి నడుముకీ ఒక పట్టీ, పట్టీకో తీగ, తీగకో చానెల్. బోర్డు ఒక్కో తీగనీ వరసగా కొలుస్తుంది. ఎవరి ఆకలి ఎక్కువైతే ముందు వాళ్ళ పేరున గంట కొట్టి, సరిపడా అన్నం ఇస్తుంది. వాళ్ళు తిన్నాకే తర్వాతివాళ్ళకి. అందరికీ నిండితే తలుపు మూసుకుంటుంది.

ఆ ఇంట్లో కొడుకు ధ్రువ్‌ది మొదటి చానెల్, కోడలు ఆద్యది రెండు, చైతన్యరావుది మూడు, ఆయన భార్య నిహారికమ్మది నాలుగు. ఆ రోజుల్లో అత్తగార్లందరివీ ఇలాంటి పేర్లేలెండి.

తమాషా ఏమిటంటే మూడూ నాలుగూ అచ్చు ఒక్కలాగే కదిలేవి. ఆయనకి ఆకలేస్తే ఆవిడకీ. ఆయన తినగానే ఆవిడ అల కూడా దిగిపోయేది. "నేను తింటే దాని కడుపు నిండుతుందయ్యా!" అని చైతన్యరావు టీకొట్టు దగ్గర మీసం దువ్వేవాడు. నస్రీన్ కూడా మురిసిపోయి, దాంపత్యంలో ఆకలి కూడా జంటకడుతుందని పెద్ద వ్యాసం రాసేసింది. పంపడమే తరువాయి.

ఇంతలో ఇదీ సంగతి. నిహారికమ్మ కొన్నాళ్ళుగా చిక్కిపోతోంది. ఆసుపత్రిలో జబ్బేమీ లేదన్నారు. ఇవాళ భర్తకి మజ్జిగ వడ్డిస్తూ కూలిపోయింది.

ఆద్య ముఖాన నీళ్ళు చల్లి, చక్కెర నీళ్ళు పట్టింది. నిహారికమ్మ కళ్ళు తెరిచింది. నస్రీన్ పెట్టె మీది తెర వైపు చూసింది. నాలుగో చానెల్ 'కడుపు నిండింది' అంటోంది. ఊపిరాడాలని పట్టీ వదులు చేయబోతే తీగ కొస ఊడి చేతికొచ్చింది. ఊడడం కూడా కాదు, ఎవరో పీకి, నీటుగా మడిచి, చీర కుచ్చిళ్ళలో దోపినట్టుంది.

నస్రీన్ తీగ కొసనీ తెరనీ మార్చి మార్చి చూసింది.

"ఏమైందమ్మా?" అన్నాడు చైతన్యరావు.

"పెదనాన్నా, పప్పులో ముంచిన గరిటెను కడక్కుండా ఖాళీ గిన్నెలో పెడితే గిన్నెకేం అంటుతుంది?"

"పప్పే అంటుతుంది."

"నా బోర్డుకున్నది ఒక్కటే గరిటె. మీ ఆకలి కొలిచి, అదే గరిటెతో పెద్దమ్మ దగ్గరికెళ్ళింది. ఇక్కడ తీగే లేదు. అంటుకున్న మీ ఆకలినే పెద్దమ్మ ఆకలనుకుంది. మీరు తినగానే ఈవిడకీ నిండిందని తలుపేసేసింది. నాకు ముందే అనుమానం రావాల్సింది. ముచ్చటగా ఉందని చూస్తూ కూర్చున్నాను."

చైతన్యరావు మీసం మీది చెయ్యి కిందికి జారింది. "తీగెందుకు పీకావే?"

నిహారికమ్మ గోడ వైపు తిరిగింది. "మొదటిరోజే నా పేరున గంట కొట్టింది. అందరి ముందూ! వండి వడ్డించే మనిషి, అందరికంటే ముందు దానికే ఆకలంటే నవ్వరూ? తీశాను. తరవాత పెట్టె నాకు పెట్టడం మానేసింది. చెబితే తీగ సంగతి బయటపడుతుంది. గంజి తాగి సరిపెట్టుకున్నా."

ఎవరూ నవ్వలేదు. ధ్రువ్ తల వంచుకున్నాడు.

నస్రీన్ తీగను మెల్లగా పట్టీలో గుచ్చింది. అంతే! తెర మీద అల తాటిచెట్టంత లేచింది. గంట ఖంగుమంది. నిహారికమ్మ పేరున తలుపు తెరుచుకుంది.

"తినండి అత్తయ్యా," అంది ఆద్య, కంచం పెట్టి.

"మీరంతా నిలబడి చూస్తుంటే నాకు ముద్ద దిగదే. ముందు మీకు పెడతా, ఉండండి."

ఆవిడ తినందే పెట్టె ఇంకొకరికి ఇవ్వదు. ఇంకొకరు తినందే ఆవిడ తినదు. ఇంత చదువు చదివి, ఈ చిక్కుకి నస్రీన్ దగ్గర స్విచ్చి లేదు!

చైతన్యరావు లేచి చాప పరిచాడు. అందరికీ కంచాలు వేశాడు. గరిటె పట్టడం రాక పప్పు సగం చాప మీద పోసి, భార్య పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నిలబడటం లేదుగా. ఇప్పుడు తిను."

"ఒలకబోసింది నేను తుడవాలా?"

"రేపు నేర్చుకుంటాలే. తినవే తల్లీ!"

ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుంది. కంగారులో చైతన్యరావు తిన్నదంతా అరిగిపోయిందేమో, పెట్టె గంట మీద గంట కొడుతూ మిగతా ముగ్గురికీ ఇచ్చింది.

కాసేపటికి నస్రీన్ తెర చూసింది. నాలుగు అలలూ కలిసి దిగుతున్నాయి. మూడూ నాలుగూ మళ్ళీ జంటగా! అనుమానమొచ్చి తీగ లాగి చూసింది. గట్టిగానే ఉంది. కలిసి తింటే ఆకళ్ళు కలవకేం చేస్తాయి? దీనికి వ్యాసమెందుకు? ఆ మాటకొస్తే, అంతా ఒకేసారి కూర్చునే ఇంట్లో ఎవరు ముందో చెప్పే పెట్టె మాత్రం ఎందుకు?

"తల్లీ," అంది నిహారికమ్మ, ఇంకో కంచం తుడుస్తూ. "నీకు తీగ లేదుగా. నోటితోనే అడుగుతున్నా, ఆకలేస్తోందా?"

పొద్దుటి నుంచీ ఆ మాట ఎవరూ అడగలేదని నస్రీన్‌కి అప్పుడే గుర్తొచ్చింది.

"వేస్తోంది పెద్దమ్మా," అంది.

ఆద్య కాస్త జరిగింది. నస్రీన్ తెర ఆపేసి, పప్పు మరక లేని చోటు చూసుకుని వాళ్ళ మధ్య కూర్చుంది.