ఎవరూ చూడని ప్రకటన

మంగళవారం మధ్యాహ్నం 3:50.

విరుదునగర్ బజారులో మిరపకాయల గోదాము. అటక మెట్ల కింద చెల్లయ్య బోర్లా పడి ఉన్నాడు. డెబ్భై ఒక్క ఏళ్ల మనిషి. ప్రాణం లేదు.

శవాన్ని మొదట చూసినవాడు వాచ్‌మన్ కరుప్పసామి. ఎస్సై సెందిల్‌కుమార్ పట్టుకున్నదీ అతన్నే. "గోదాములో ఉన్నది వీడొక్కడే. ముందురోజు ముసలాయనతో గొడవ కూడా పడ్డాడు" అని తేల్చేశాడు. చెల్లయ్య భార్య జానకియమ్మాళ్ కూడా వాడే చంపాడని వాంగ్మూలం ఇచ్చింది.

గురువారం ఉదయం ఇన్‌స్పెక్టర్ కార్తిక ఆ ఫైలు చదివింది. చావు 3:15కూ 3:45కూ మధ్య. హమాలీలు ఆ సమయంలో ముందువైపు టీ తాగుతున్నారు. వెనక సందులోని తలుపు తాళం తీసి ఉంది.

"ఆ తలుపు తాళంచెవులు ఎవరెవరి దగ్గరున్నాయి?"

"చెల్లయ్య దగ్గర ఒకటి, వాచ్‌మన్ దగ్గర ఒకటి. ఇంకొకటి చెల్లయ్య తమ్ముడి కొడుకు వసంతకుమార్ దగ్గర మేడం. కానీ ఆయన కోవిల్‌పట్టి ఇంట్లో ఉన్నాడు. యాభై కిలోమీటర్ల దూరం. ఫోన్ టవర్ అక్కడే చూపిస్తోంది. పైగా ఇది చూడండి."

సెందిల్‌కుమార్ ఒక ప్రింటవుట్ చూపించాడు. కంప్యూటర్ తెర స్క్రీన్‌షాట్. కారియాపట్టి పక్క వాన పడుతుందన్న వార్త. కింద మూల గడియారం 3:32. ఒక్క నిమిషం తర్వాత వసంతకుమార్ దాన్ని కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

"చదువుకున్నవాడు మేడం. అబద్ధమాడే అవసరం ఆయనకేముంటుంది?"

కార్తిక ఫైలు మూసి, జీపు తీయమంది.

11:05. కోవిల్‌పట్టి. చెల్లయ్య ఇల్లు.

ఆఫీసు గదిలో పాత కంప్యూటర్. కార్తిక దాన్ని ఆన్ చేసి, స్క్రీన్‌షాట్‌లోని వార్త పేజీనే తెరిచి, కాసేపు చూసింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి చెల్లయ్య మనవరాలు సంగవితో రెండు నిమిషాలు మాట్లాడింది. బయటికొచ్చి విరుదునగర్‌కు ఒక ఫోన్ చేసింది. పావుగంటలో జవాబు వచ్చాక వసంతకుమార్‌ని పిలిపించింది.

అతను సెంటు వాసనతో వచ్చాడు. చేతిరుమాలుతో కుర్చీ తుడుచుకుని కూర్చున్నాడు. స్టేషన్లో కార్తిక మాట్లాడేది అరవం. ఇక్కడ మాత్రం తన ఇంటి తెలుగులోనే మొదలుపెట్టింది.

"మంగళవారం మూడున్నరకు యాడ ఉంటివి?"

"ఇంగ్లీషులో అడగొచ్చే. ఈ తెలుగు మా అవ్వలతోనే పోయింది."

"పోలేదు. చెప్పు."

"ఈ కుర్చీలోనే ఉంటిని. ఇంట్లో అందురూ వత్రాప్‌లో పెండ్లికి పోయిరి."

"నీ లాప్‌టాప్?"

"రిపేరు. అందుకే ఈ గుజిరీ మిషన్ ముందర కూర్చుంటిని."

"గుజిరీ అని ఏంటికి అంటావు?"

"తెరిస్తే చాలు, అడ్వర్టైజ్‌మెంట్లే. ఒక వార్త చదవాలంటే పది మూయాల."

"మంగళవారమూ అట్లేనా?"

"అట్లే."

"సెట్టింగ్ ఏమన్నా మారిస్తివా?"

"నాకేం పని? పెదనాయన బొమ్మలు చూసేదానికి పెట్టుకున్న డబ్బా ఇది."

"రాసుకో" అంది కార్తిక. సెందిల్‌కుమార్ రాసుకున్నాడు.

గుమ్మంలో సంగవి నిలబడి ఉంది. ఆమె వెనక జానకియమ్మాళ్.

"నువ్వు లోపలికి పో. పెద్దోళ్లు మాట్లాడతా ఉండారు" అన్నాడు వసంతకుమార్.

"రానీ. సంగవీ, ఆ పేజీ తెరువు మా."

సంగవి తెరిచింది. వార్త వచ్చింది. ఒక ఫొటో వచ్చింది. రెండు పక్కలా తెల్లటి ఖాళీ. ఒక్క ప్రకటన లేదు.

వసంతకుమార్ కాలు మీద వేసుకున్న కాలు దించాడు.

"సోమవారం సాయంత్రమే బ్లాకర్ వేస్తిని మామా" అంది సంగవి. "మీ కంప్యూటర్లో వైరస్ ఉండాది, ఈ నంబర్‌కు ఫోన్ చేయండని ఒకటి ఎగిరొచ్చె. తాత నిజమనుకొని చేయబోయె. అందుకే వేస్తిని. ఇప్పుడు ప్రకటనలు రావు, మన ఎనకాలే పడి చూసే ట్రాకర్లూ రావు. తాతకు ఒక్కడికే చెప్తిని."

"అది... నేను ఆఫ్ చేసుంటాను."

"ఏమీ మార్చలేదంటివి. ఇప్పుడే రాసుకున్నాడు" అంది కార్తిక.

ఆమె ప్రింటవుట్‌ను బల్ల మీద పరిచింది.

"అందురూ గడియారం చూసిరి. నువ్వు చూడమన్నది అదే. ఈ కుడి పక్క చూడు. జుట్టు నూనె. మోకాళ్ల పట్టీ. మూడోది కుక్కర్ల ఎక్స్ఛేంజ్ మేళా. ఏమని ఉండాది? చదువు."

అతనికి బదులు సెందిల్‌కుమారే వంగి గొణుగుతూ చదివాడు. "మీ దగ్గర్లోనే. విరుదునగర్ బజారు. ఎనిమిది వందల మీటర్లు."

"ఈ కుర్చీ నించి ఎనిమిది వందల మీటర్లా?" కార్తిక గొంతు పెరగలేదు. "ఫోన్‌ను ఇంట్లో పెట్టి పోతివి. లాప్‌టాప్‌ను గోదాము వైఫైకి తగిలిస్తివి. స్క్రీన్‌షాట్‌ను దాంట్లో నించే పంపితివి. నువ్వు యాడ కూర్చున్నావో ట్రాకర్ కనిపెట్టి, ఆ వార్త పక్కన కుక్కర్ అమ్మబోయె. నువ్వు దాన్ని చూడను కూడా లేదు. గోదాము రౌటర్‌లో 3:26కు నీ లాప్‌టాప్ పేరుంది. ఇందాకే ఫోన్‌లో చెప్పిరి."

వసంతకుమార్ ప్రింటవుట్‌ను బల్ల చివరికి నెట్టాడు.

"పెదనాయన నల్లమట్టి చేన్లో ఏముండాది?" అన్నాడు. "దాన్ని ఇప్పిస్తానని సోలార్ కంపెనీకి మాట ఇస్తిని. పెదనాయనది ఒక్క సంతకం చాలు. అడిగితే అటకెక్కి మిరపకాయలు తిరగేస్తా నిలబడె. నా మొగం కూడా చూడలే. మెట్ల దగ్గరికి వస్తే తోస్తిని."

చచ్చిన మనిషి మీద అతనికి ఇంకా కోపమే. కార్తికకు అతన్ని చూస్తే రోత పుట్టింది. ఇలాంటివాడి ఇస్త్రీ చొక్కా చూసి తన ఎస్సై రెండు రోజులు ఒక పేదవాణ్ణి లాకప్‌లో కూర్చోబెట్టాడు.

"బేడీలు నువ్వే వెయ్" అంది సెందిల్‌కుమార్‌తో. అతను తల ఎత్తకుండా వేశాడు.

జానకియమ్మాళ్ గుమ్మం పట్టుకుని నిలబడింది. అమ్మ లేని వసంతకుమార్‌కు ఆరో ఏటి నుంచీ అన్నం పెట్టిన మనిషి. అతను ఆమె వైపు తిరిగి "పెద్దమ్మా" అన్నాడు. ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది, అంతే.

జీపు కదిలే ముందు ఆమె కార్తిక దగ్గరికి వచ్చింది.

"కరుప్పసామిని ఎప్పుడు విడుస్తారు?"

"ఇప్పుడే ఫోన్ చేసి చెప్తానమ్మా."

"వద్దు. నన్నూ తీసుకపో" అంది జానకియమ్మాళ్. "వాడే చంపినాడని సంతకం పెట్టింది నేను. ఇరవై రెండేండ్లు మా ఉప్పు తినినోడు. లాకప్ తలుపు తీసేటప్పుడు నేను ఆడ ఉండాల."