తలగడ పక్కన కిరీటం

బట్టీ నోటి దగ్గర అరచెయ్యి పెట్టి వేడి చూసుకుని, అత్తగారు బన్నుల పళ్లెం లోపలికి తోసింది. బ్రెడ్లు అప్పటికే దించేసింది. ముందు గదిలో కోడలు అద్దాల బీరువా తుడుస్తోంది. లారీ డ్రైవరైన కొడుకు నిన్న సాయంత్రమే లోడు దించి వచ్చాడు. పిండి బస్తా మీద కూర్చుని టీలో బన్ను ముంచుకుంటున్నాడు. చంటిది వెనక గదిలో నిద్రపోతోంది.

నిన్నటి గొడవ ముగ్గురి మధ్యా ఇంకా నలుగుతూనే ఉంది. గొడవ ఇంటిది కాదు, టీవీ సీరియల్‌ది. ఏళ్ల తరబడి చూసిన రెక్కల గుర్రాల కథ నిన్నటితో అయిపోయింది. కోట కోసం ఎత్తిన కత్తి దించకుండా పోరాడిన రాణి, తీరా గెలిచాక కిరీటాన్ని సవతి కూతురి తలగడ పక్కన పెట్టేసింది. తన గుర్రాన్ని గాలికి వదిలేసి, కాలినడకన కోట గుమ్మం దాటి వెళ్లిపోయింది. చూసినవాళ్లంతా ఆవిణ్ణి తిట్టిపోస్తున్నారు.

"మతి పోయింది ఆవిడకి," అంది కోడలు గుడ్డ పిండుతూ. "పారేసుకోవడానికేనా అంత కష్టపడింది?"

"నాకైతే గుర్రాన్ని వదిలెయ్యడమే నచ్చలేదు," అన్నాడు కొడుకు. "డీజిల్ అక్కర్లేని బండి."

అత్తగారు నవ్వలేదు. "ఆవిడ మతి ఆవిడ దగ్గరే ఉంది. ఆ పిల్ల ఆజ్ఞ ఇస్తే సేనాపతి ఏం చేసేవాడు? ముందు ఈవిడ మొహం చూసేవాడు. ఈవిడ ఎదురుగా ఉన్నంతకాలం ఆ పిల్లని ఎవరూ రాణి అనుకోరు. అందుకే తప్పుకుంది."

"మీ కథ మీదే అత్తయ్యా."

కోడలు ఆ మాట అనడానికి కారణం ఉంది. చంటిది పుట్టినప్పటినుంచి ఆ ఇంట్లో టీవీ మూగదైపోయింది. నోరు కట్టేసి, అడుగున పరిగెత్తే అక్షరాలు చదువుకుంటూ చూస్తారు. ఆ అక్షరాల పరుగు అందుకోలేని అత్తగారు మొహాలు చూసి కథ అల్లుకుంటుంది. చాలాసార్లు అసలు కథకంటే అదే బాగుంటుంది.

ఇంతలో పక్క వీధి దర్జీ సంచీ ఊపుకుంటూ వచ్చింది. "బ్రెడ్డు ఇవాళ్టిదేనా?"

"ఇవాళ్టిదేనండి," అంది కోడలు.

దర్జీ ఆమె భుజం మీదుగా లోపలికి తొంగి చూసింది. "వదినా, ఇవాళ్టిదేనా?"

"ఇవాళ్టిదే," అంది అత్తగారు. అప్పటికి దర్జీకి నమ్మకం కుదిరింది.

"అన్నట్టు, మా మేడ మీద గదికి సున్నం వేయించాను. ఒకటో తారీఖుకి వచ్చేస్తానన్నావుగా. కిటికీకి తెర కూడా కుట్టేశాను."

కోడలి చేతిలో గుడ్డ ఆగిపోయింది. దర్జీ ఆ మొహం చూసి, ఈ మొహం చూసి, నాలుక కరుచుకుంది. "కుట్టు మధ్యలో వదిలేసి వచ్చాను," అంటూ డబ్బిచ్చిన బ్రెడ్డు కూడా మరిచిపోయి వెళ్లిపోయింది.

"ఏ గది అత్తయ్యా?"

"చెబుదామనే అనుకున్నా."

"ఎప్పుడు? సామాను బండెక్కించాకా?"

"అమ్మా, ఏమిటిది?" అన్నాడు కొడుకు లేచి నిలబడి.

"షాపు నీ పెళ్లానికి ఇచ్చేస్తున్నా. మీ నాన్న పోయాక మీ బాబాయిలతో కలబడి నిలబెట్టుకున్న బట్టీ ఇది. ఊరికే ఇవ్వడం లేదు. ఇప్పుడు చూశావుగా అమ్మాయ్, నీ మాటకి నేను వంత పాడితే తప్ప విలువ లేదు. నేనుండగా నీకు ఎదుగూ బొదుగూ ఉండదు."

"రేపు వీధిలో ఏమంటారో తెలుసా? షాపు లాక్కుని అత్తని గెంటేసిందంటారు. మీరు మేడెక్కి కూర్చుంటారు, పడేది నేను. అచ్చం మీ రాణిలాగే."

"రాణి ఆ పిల్లకి అన్నీ చెప్పే వెళ్లింది. తల నిమురుతూ ఎంతసేపు మాట్లాడిందని. ఆ పిల్ల కళ్లు మూసుకుని వింటోంది."

కోడలు ఆమెను విచిత్రంగా చూసింది. "వినడం కాదత్తయ్యా, నిద్రపోతోంది. రాణి తనలో తనే మాట్లాడుకుంది. రాణి గుమ్మం దాటగానే మీరు పిండి కలపడానికి లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత జరిగింది చూడనేలేదు."

పెరిగిన గొంతులకి చంటిది లేచి ఏడ్చింది. కొడుకు వెళ్లి ఎత్తుకొచ్చాడు. ఇక నిద్ర చెడుతుందన్న భయం లేదు గనక కోడలు తన ఫోనులో ఆ చివరి భాగం పెట్టి, సౌండు పెంచి, అత్తగారి చేతికిచ్చింది.

ఫోనులో సవతి కూతురు నిద్ర లేచింది. కిరీటం చూసింది, ముట్టుకోలేదు. చెప్పులు కూడా లేకుండా వసారాలన్నీ దాటి గుమ్మం దాకా పరిగెత్తింది. బయట ఎవరూ లేరు. "అమ్మ ఎటు వెళ్లింది?" అని సేనాపతిని అడిగింది. "నేనేం తప్పు చేశాను?"

సేనాపతి తల వంచాడు. "ఆజ్ఞ ఏమిటి, మహారాణీ?" అన్నాడు.

అత్తగారు ఫోను దించలేదు. తను అనుకున్నదే జరిగింది. సేనాపతి ఆ పిల్ల మొహమే చూశాడు. కానీ ఆ మొహాన్ని నిన్న తను చూడలేదు. ఇప్పుడు ఎదురుగా నిలబడ్డ కోడలి మొహమూ అలాగే ఉంది.

మాడు వాసన వచ్చింది. అత్తగారు కదల్లేదు. కోడలే పరుగున వెళ్లి పళ్లెం బయటికి లాగింది. అడుగు నల్లబడింది.

"నువ్వేం తప్పు చెయ్యలేదమ్మాయ్," అంది అత్తగారు. "ఇస్తున్నాననే అనుకున్నా. నిన్ను అడగాలని తోచలేదు."

"షాపు నాకు కావాలి అత్తయ్యా." కోడలు బట్టీ వైపే చూస్తూ అంది. "అబద్ధం ఎందుకు. కావాలి. కానీ తలగడ పక్కన పెట్టి పోతే వద్దు. ఆ వేడి చెయ్యి పెట్టి చూడటం నాకింకా రాలేదు. అది వచ్చాక వెళ్లండి. వెళ్లే రోజు వీధంతా చూస్తుండగా నేనే దిగబెడతాను."

"లారీ నాది," అన్నాడు కొడుకు, చంటిదాని ముక్కు తుడుస్తూ.

అత్తగారు నవ్వబోయి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మరిచిపోయిన బ్రెడ్డు కోసం దర్జీ మళ్లీ వచ్చింది. సంచీలో వేసుకుని, కోడలి భుజం మీదుగా లోపలికి తొంగి చూసింది. "మరి గది ఉంచమంటావా వదినా, ఇంకెవరికైనా ఇవ్వమంటావా?"

అత్తగారు బట్టీ వైపు తిరిగి, మాడిన బన్నులు ఒక్కొక్కటే గీకుతోంది. వీపే కనబడుతోంది. దర్జీ కాసేపు ఎదురుచూసి, ఇక తప్పక కోడలి మొహం చూసింది.

"ఉంచండి," అంది కోడలు. "తెర కూడా ఉంచండి. ఎప్పుడొస్తారో నేను చెప్తాను."